కుర్చీ అల్లిన చేతులు



ఈ ఆకాశవాణి భవనము వాకిలి దాటి, శాసనసభ ప్రహరీ వెంబడి, పబ్లిక్ గార్డెన్సు చెట్లనీడను నడచిపోయినచో నాంపల్లి రైలుస్టేషను కాలినడకకు చాల దూరము కాదు; 1907లో నిజాము ప్రభుత్వమువారు కట్టించిన ఆ స్టేషనునుండి మోజంజాహీ మార్కెట్టు గడియారమువైపు సాగి, అచ్చట ఎడమకు మరలినచో ఆబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయము వచ్చును. ఈ కొద్దిపాటి నేలమీద న్యాయస్థానములు, పబ్లిక్ సర్వీసు కమిషను, గగన్‌విహార్ చంద్రవిహార్ వంటి ఎత్తైన కార్యాలయ సముదాయములు, బ్యాంకులు, బీమా సంస్థలు, టైపు ఇన్‌స్టిట్యూట్లు, స్టాంపుకాగితముల వ్రాతగాండ్రు, ఒక్కమాటలో చెప్పవలెనన్న, మనుష్యుల బ్రదుకులను కాగితముపైకి ఎక్కించు లోకమంతయు ఇచ్చటనే ఇరుకుకొని యున్నది. ఆ లోకములో నేను ముప్పదియేండ్లకు పైగా, మొదట గుమాస్తాగాను పిదప సూపరింటెండెంటుగాను, కాలము గడపితిని. శరీరమున ఏదో యొక శక్తి కొఱవడిన ఉద్యోగికి పనిచోట కలిగింపవలసిన సదుపాయములను గూర్చియు, ఆతనికి ఊతమిచ్చు యంత్రములను గూర్చియు నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. నేను పనిచేసిన కార్యాలయము పేరు మాత్రము చెప్పను. చెప్పినచో దానికి అపకీర్తియు, తక్కిన కార్యాలయములన్నింటికిని నిష్కారణమైన సత్కీర్తియు వచ్చును.

ముందుగా ఒక ఒప్పుకోలు చేయవలసియున్నది. నేను మాటలాడు విషయమునకును, మాటలాడు సాధనమునకును పొత్తు కుదరదు. ఇదే ఆబిడ్సు ప్రాంతమున, చిరాగలీ సందులో, 1930 తరువాతి యేండ్లలో మొలకెత్తి, 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆకాశవాణిలో కలిసిపోయిన దక్కన్ రేడియో నాటినుండియు ఈ సాధనము చూపు లేనివారికి పరమమిత్రముగా నుండెను. రేడియో యెదుట కన్నులున్నవాడును లేనివాడును ఒక్కటే. కాని వినికిడి లేనివానికి ఇది వట్టి పెట్టె. ఎవరిని గూర్చి నేను మాటలాడుచున్నానో వారిలో కొందఱికే ఈ మాటలు చేరవన్నమాట. అందుచేత ఈ ప్రసంగమునకు వ్రాతప్రతి నొకదానిని వేఱుగా సిద్ధపఱచితిని. దాని కథ చివర చెప్పెదను.

నేను ఉద్యోగమున ప్రవేశించిన తొలినాళ్లలో కార్యాలయములయందు పేముకుర్చీలు ఉండెడివి. నురుగుదిండ్లును, ప్లాస్టిక్కును ఇంకను రాజ్యమునకు రాలేదు. ఏటికొకసారి, ఎండలు ముదురుటకు ముందు, ఒక అల్లికవాడు వచ్చి వరండాలో చతికిలబడి, చినిగిన కుర్చీలను వరుసగా ముందుంచుకొని, తొట్టిలో నానవేసిన పేముబద్దలను చట్రపు రంధ్రములలో దూర్చి, బిగలాగి, జాఱిపోకుండ పుల్ల గ్రుచ్చి, మఱల దూర్చి, నిలువుగను అడ్డముగను ఐమూలగను అల్లుకొనిపోవుచుండెడివాడు. ఆతనికి రెండు కన్నులును లేవు. వ్రేళ్లు మాత్రము రంధ్రమునుండి రంధ్రమునకు, తప్పిపోని దారిలో నడచు చీమలవలె, సాగిపోవుచుండెడివి. ఒకనాడు మా అధికారి కుర్చీని ఆ చివరనుండి ఈ చివరకు తడవి చూచి, ‘ఈ సాబ్ ఎడమదిక్కు ఒరిగి కూసుంటడు గద?’ అని అడిగెను. నిజమే. ఎన్నియో యేండ్లుగా ప్రతిదినము ఆ అధికారి యెదుట చేతులు కట్టుకొని నిలుచుచున్న మాలో ఏ యొక్కరమును ఆ సంగతి గమనింపలేదు.

కార్యాలయములోని ప్రతి కుర్చీ బలిమియు బలహీనతయు ఎఱిగిన ఆ మనిషి, వానిలో ఒకదానియందు కూర్చుండి పని చేయవచ్చునేమో యన్న ఊహ మాకు రాలేదు, ఆతనికిని వచ్చియుండదు. ఆనాడు చూపులేనివారి పని యనగా కుర్చీల అల్లిక, కొవ్వొత్తుల తయారీ, కొంచెము చదువుకొన్నవారికి టెలిఫోను బోర్డు. ఆ టెలిఫోను ఆపరేటర్లను తలచుకొన్నప్పుడు నాకు నేటికిని ఆశ్చర్యమే. ఫోను ఎత్తి ‘హలో’ అన్నంతనే పేరు చెప్పి పలుకరించెడివారు. ఏ అధికారి ఏ వేళ సీటులో నుండునో, ఎవరు ఎవరితో మాటలాడుటకు ఇష్టపడరో, ఆ గుట్టంతయు వారి మనస్సులో వ్రాసియుండెడిది. తరువాత బల్లబల్లకును నేరుగా ఫోనులు వచ్చినవి, పిదప జేబుజేబునకును వచ్చినవి, బోర్డులు గోడలనుండి ఊడినవి; యంత్రము ఒకచేత ఇచ్చిన ఉద్యోగమును యంత్రమే రెండవచేత తీసికొనిపోయినది.

చట్టము తన నడకలో తాను వచ్చుచుండెను. కేంద్రప్రభుత్వము 1977లో దిగువ రెండు తరగతుల ఉద్యోగములలో నూటికి మూడు కేటాయించెను. 1995లో పార్లమెంటు చేసిన చట్టము మఱుసటియేడు ఫిబ్రవరిలో అమలునకు వచ్చెను. అది ఏడు విధముల వైకల్యములను గుర్తింపగా, దాని స్థానమున 2016లో చేసిన చట్టము ఇరువదియొక్క విధములను గుర్తించి, కేటాయింపును నూటికి నాలుగు చేసెను. అది 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి నడచుచున్నది. ఈ లోపల పేర్లును మాఱినవి: వికలాంగులన్నారు, ప్రత్యేక ప్రతిభావంతులన్నారు, ఇప్పుడు దివ్యాంగులనుచున్నారు. ఈ పేర్లలో నీకేది నచ్చునని నేను ఒకనిని అడిగితిని. ‘పేరేదన్న పెట్టున్రి సార్, లిఫ్టు పనిజేస్తే సాలు’ అని ఆతడు బదులు చెప్పెను. ఆ ఒకడే నేటి నా ప్రసంగమునకు గురువు.

2008 ప్రాంతమున ఆతడు మా సెక్షనుకు జూనియర్ అసిస్టెంటుగా వచ్చెను. పుట్టుకతో చూపు లేదు. డిగ్రీ చదివి, పోటీపరీక్షలో తాను చెప్పుచుండగా మఱియొకరు వ్రాయ, నెగ్గి వచ్చినవాడు. నల్లగొండవైపు మాట, చురుకైన నవ్వు. నేను సూపరింటెండెంటును. గాలి తగులునట్లు కిటికీప్రక్కన ఆతనికి బల్ల వేయించితిని, చేయి చాచిన అందునట్లు నీళ్లకూజా పెట్టించితిని, ‘సారును జాగ్రత్తగా చూచుకో’మ్మని అటెండరునకు గట్టిగా చెప్పితిని, సాయంకాలము రద్దీ మొదలుకాకముందే ఇల్లు చేరుటకై అరగంట ముందుగా పోవచ్చునంటిని. ఇన్ని ఇచ్చినవాడను ఒక్కటి మాత్రము ఈయలేదు. ఫైలు ఈయలేదు. ఆతని పేర కేటాయించిన పనిని ప్రక్కబల్లవారికి పంచి, ‘పాపము, ఆయనకెందుకు శ్రమ’ అంటిని. ప్రక్కబల్లవారు నా దయను లోలోపల ఎట్లు మెచ్చుకొనిరో ఊహింపవచ్చును. ఇట్లు నాలుగు మాసములు నా హృదయవైశాల్యమునకు నేనే మురిసిపోవుచుండగా, ఒకనాటి మధ్యాహ్నము ఆతడు బల్లలను తడవుకొనుచు నాయొద్దకు వచ్చి నిలిచి, మెల్లగా, ‘ఇంట్ల అడుగుతున్నరు సార్, ఆఫీసుల ఏం జేస్తవని. ఏం జెప్పాలె?’ అనెను.

నాకు బదులు తోచలేదు. మఱునాటినుండి ఫైళ్లు ఆతని బల్లమీదికి పోవుట ఆరంభమైనది; వానిని ఆతడు ఎట్లు చదువవలెనన్న ప్రశ్నయు, నాలుగు మాసములు ఆలస్యముగా, అప్పుడే పుట్టినది. ఆ ప్రశ్న ముందుగా పుట్టకపోవుటయే నా తప్పు. కూజా, కిటికీ, అరగంట సెలవు, ఇవన్నియు ఆతనిని సుఖముగా ఖాళీగా కూర్చుండబెట్టుటకు పనికివచ్చినవే గాని, ఆతనిచేత పని చేయించుటకు వానిలో ఒక్కటియు పనికిరాలేదు. కష్టపెట్టరాదన్న మంచితనముతోనే ఒక మనిషిని కార్యాలయమునుండి వెలివేయవచ్చునని నేను అప్పుడు నేర్చుకొంటిని. వెలివేసినవానికి నెలనెలా జీతము ముట్టుచుండుటచేత ఆ వెలి ఎవరి కంటను పడదు.

మఱియొక పాఠము 2012 వేసవిలో నేర్చితిని. ఆ యేడు కరెంటు కోతలు శ్రోతలలో చాలమందికి జ్ఞాపకముండును. అప్పటికి ఆతని బల్లపై తెరమీది అక్షరమును పైకి చదివి వినిపించు మాటల కంప్యూటరు వచ్చియుండెను. చెవిలో తీగ పెట్టుకొని టకటక పని చేసికొనుచుండెడివాడు. మధ్యాహ్నము రెండుగంటలకు కరెంటు పోయినది. మా సెక్షను లోపలి గదులలోనిది. కిటికీ యున్నను పగలుగూడ దీపము లేక కాగితము కనబడదు. ఉన్న యెనిమిది ట్యూబులైట్లును ఆరిపోగా మేమందఱమును కలములు మూసి విసనకఱ్ఱలు తీసితిమి. కొంతసేపటికి ఆతడు చెవినుండి తీగ తీసి, ‘ఏమైంది సార్, అందరు గప్‌చుప్ అయిన్రు?’ అని యడిగెను. కరెంటు పోయినదంటిని. ‘అట్లనా, ఫ్యాన్ ఒక్కటే ఆగిందనుకున్న. నాది బ్యాటరీ మీద నడుస్తది సార్, మూడు గంటలొస్తది’ అని తిరిగి తీగ పెట్టుకొని పనిలో మునిగెను. ఆ చీకటిలో ఆ మధ్యాహ్నము మా సెక్షనులో పని చేసినవాడు ఆతడొక్కడే.

ఆ యెనిమిది ట్యూబులైట్లును ఎవరి కొఱకు? ప్రభుత్వ ఖర్చుతో, ఏండ్ల తరబడి, కన్నులున్న మాకొఱకు వెలుగుచున్న ఆ దీపములను ఎవరును ప్రత్యేక సదుపాయమని పిలువలేదు. దీపము కావలెనన్న గుమాస్తా మెడికల్ బోర్డు ముందు నిలిచి, తనకు చీకటిలో నూటికి ఎన్నిపాళ్లు చూపు లేదో ధ్రువపత్రము తేవలసిన పని లేదు. మూడవ అంతస్తునకు ఎగిరిపోలేని మాకొఱకు మెట్లు కట్టిరి. రెండు మైళ్ల ఆవల వినబడునట్లు కేకవేయలేని మాకొఱకు టెలిఫోను పెట్టిరి. నలుబదియేండ్లు నిండినవెంటనే అక్షరము చెదరునట్టి మా కన్నులకు కళ్లజోడు వచ్చినది. దానిని ధరించినవానిని చూచి జాలిపడువారు లేరు. లోకములోని ప్రతి కార్యాలయమును ఒక విధమైన శరీరమునకు అనువుగా చేసిన సదుపాయముల మూటయే. ఆ మూటలో ఎవరి శరీరము లెక్కకు రాలేదో వారు అడిగినప్పుడే అది ఉపకారమువలె కనబడుచున్నది.

బల్ల దగ్గఱకు చేరిన పిమ్మటి మాట ఇది. చేరుట వేఱు కథ. ఆతడు ఎంఎంటీఎస్ రైలులో నాంపల్లి స్టేషనున దిగి, తెల్లకఱ్ఱ తట్టుకొనుచు రోడ్డు దాటవలెను. 2018 సెప్టెంబరులో అమీర్‌పేటనుండి ఎల్.బి. నగరుదాక మెట్రో నడచుట ఆరంభమైనప్పుడు నాంపల్లికిని గాంధీభవనుకును స్టేషనులు వచ్చినవి. వానితోపాటు లిఫ్టులును, నేలపై పసుపుపచ్చని గరుకుపలకలును వచ్చినవి. ఆ పలకలను చాలమంది అలంకారమనుకొనుచున్నారు. నిలువు గీతలున్న పలక ‘నడువు’ మని చెప్పును, బొడిపెలున్న పలక ‘ఆగు’ మని చెప్పును. అది పాదముతోను కఱ్ఱతోను చదువు లిపి. జపానుదేశస్థుడైన సెయిచి మియాకే 1965లో దానిని కనిపెట్టగా, 1967 మార్చిలో ఒకయామా నగరమున అంధుల పాఠశాల చేరువనున్న వీధిలో మొదట పఱచిరి. అర్ధశతాబ్ది పిమ్మట ఆ లిపి నాంపల్లికి వచ్చినదని సంతోషింపవచ్చును. కాని స్టేషను మెట్లు ముగిసినచోటనే వాక్యము సగములో తెగిపోవుచున్నది. ఆ పిమ్మట కాలిబాటపై నిలిపిన స్కూటర్లు, చాయ్ బండి, తొలగించుట మఱచిన ఇనుపస్తంభము. ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటలపై పఱచు పాతపుస్తకములనుగూడ తొలగింపవలెనని చెప్పుటకు మాత్రము నాకు నోరు రాదు. ఆ పాపములో నాకు పెద్ద వాటా యున్నది.

ర్యాంపు సంగతియు అట్టిదే. అడుగు ఎత్తు ఎక్కుటకు పన్నెండడుగుల పొడవు వాలు ఉండవలెనన్నది అందఱును అంగీకరించిన లెక్క. అడుగున్నర ఎత్తు అరుగునకు ఐదడుగుల సిమెంటు పోసి, ప్రక్కన చక్రాలకుర్చీ బొమ్మ వేసిన ర్యాంపును నేనెఱుగుదును. దానిపై చక్రాలకుర్చీ ఎక్కదు. చప్రాసీ సైకిలు మాత్రము హాయిగా దిగుచుండెను.

మెట్ల ప్రస్తావన వచ్చినప్పుడు ఒక మహానుభావుని తలంపకుండ ఉండుట కష్టము. పసితనమున పోలియో సోకి, జీవితమంతయు ఊతకఱ్ఱలతోనే నడచిన ఎస్. జైపాల్‌రెడ్డిగారు 1969 మొదలు 1984 వఱకు కల్వకుర్తి ప్రతినిధిగా, ఈ రోడ్డు ప్రక్కనే యున్న శాసనసభలో కూర్చుండిరి, తరువాత పార్లమెంటులో ఉత్తమ సభ్యుడన్న పురస్కారమును పొందిరి, కేంద్రమంత్రిత్వము నెఱపిరి, 2019 జూలైలో దివంగతులైరి. వారి వాగ్ధాటిని ఈ నగరము వినియున్నది. మచిలీపట్టణముచెంత పల్లెలో చూపులేక పుట్టి, హైదరాబాదు దేవనార్ పాఠశాలలో చదివి, అమెరికాలోని ఎంఐటీకి పోయి వచ్చి, ఇచ్చటనే పరిశ్రమ స్థాపించిన బొల్లా శ్రీకాంతును గూర్చి సినిమాయే వచ్చినది. ఇట్టివారిని పొగడుట మనకు ఇష్టము. ఆ పొగడ్తలోనే నాకొక చిక్కు కనబడుచున్నది. ఎక్కవలసిన మెట్లను తొలగింపుమని ఒక సామాన్య గుమాస్తా అడిగినప్పుడు, ‘జైపాల్‌రెడ్డిగారు ఎక్కలేదా?’ అన్న ప్రశ్న తయారుగా నుండును. అసామాన్యుడు అడ్డంకిని దాటెనన్నది ఆయన గొప్ప. అడ్డంకికి అది యోగ్యతాపత్రము కానేరదు. సామాన్యమైన ర్యాంకుతో, మధ్యస్థమైన తెలివితో, సాయంకాలము ఐదింటికి ఇల్లు చేరవలెనన్న కోరికతో బ్రదుకు హక్కు కాళ్లున్నవారికే చెందినదా?

పనిచోట ఇట్టి అడ్డంకిని తొలగించుటను చట్టమువారు సహేతుకమైన సదుపాయ మనుచున్నారు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించి, మఱుసటియేడు మనదేశము సమ్మతించిన ఒడంబడికలోనుండి 2016 చట్టములోనికి ఈ మాట వచ్చినది. యజమానికి మోయరాని భారము కానంతవఱకు, ఆ యొక్క మనిషికి ఆ యొక్క పనిలో కావలసిన మార్పును చేయవలెను. చేయననుటయే వివక్ష యగును. ఉద్యోగములో నుండగా వైకల్యము ప్రాప్తించినవానిని ప్రభుత్వసంస్థ తొలగింపరాదు, స్థాయి తగ్గింపరాదు. అదే జీతముతో వేఱు పని చూపవలెను. అట్టి పని లేనిచో, అది దొరకునంతవఱకో, పదవీవిరమణ వఱకో అదనపు పోస్టు నొకదానిని కల్పించి ఉంచవలెను.

దీనికి మన రాష్ట్రమునందే ఒక ఉదాహరణము కలదు. 2014లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన యొకనికి, పిమ్మటి వైద్యపరీక్షలో రంగుల తేడా తెలియదని బయటపడగా, 2016లో సంస్థ ఆతనిని ఇంటికి పంపెను. బస్సు నడుపుటకు పనికిరాడన్నది సరియే కావచ్చును. కాని టిక్కెట్ల లెక్క చూచుటకు ఎఱుపు ఆకుపచ్చల తేడా ఏల? ఆతడు న్యాయస్థానములను పట్టుకొని తిరిగి తిరిగి సుప్రీంకోర్టుకు చేరెను. 2025 ఆగస్టు 1వ తేదీన ఆ న్యాయస్థానము, వర్ణాంధులైన డ్రైవర్లకు వేఱు పని చూపవలెనన్న షరతు 1979లో కార్మికసంఘములతో సంస్థ చేసికొన్న ఒప్పందములోనే కలదని ఎత్తిచూపి, ఎనిమిది వారములలో తగిన ఉద్యోగము ఈయవలెననియు, నిలిచిపోయిన జీతములో నాలుగవవంతు చెల్లింపవలెననియు తీర్పు చెప్పెను. ఈ చట్టములన్నింటికంటె ముందే, ఆ ఒడంబడిక పుట్టకముందే, బస్సు డిపోల కార్మికులు కూర్చుండి ఆలోచించి వ్రాసికొన్న ఆ ఒక్క షరతు నాకు ఎంతయు ముచ్చట గొలిపినది. కట్టడములను గూర్చిన మఱియొక వ్యాజ్యములో, మన నగరపు నల్సార్ విశ్వవిద్యాలయమువారు దేశమంతయు పరిశీలించి సమర్పించిన నివేదికను ఆధారము చేసికొని, ఇట్టి నియమములు హితబోధలుగా నున్న చాలదు, తప్పనిసరి విధులుగా నుండవలెనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పియున్నది.

ప్రతి సదుపాయమునకును యంత్రము అక్కరలేదు. తలసీమియాతో జీవించు ఉద్యోగికి రెండు మూడు వారములకొకసారి రక్తమెక్కించుకొనవలసిన దినమున సెలవును గూర్చి ప్రశ్నలు లేకుండుటయే సదుపాయము. చెవిటివానికి సమావేశమున ఎవరైనను మాటలాడునప్పుడు ముఖము ఆతనివైపు త్రిప్పి, తీర్మానమును బోర్డుపై వ్రాసిన చాలును. సైగలభాష తెలిసినవారొకరున్న మఱియు మేలు. మనస్సు నలిగినవానికి ఏమి కావలెనో ఆతనినే అడుగవలెను. నేను అడిగినవాడను కాను గనుక ఎక్కువ చెప్పుటకు అర్హుడను కాను.

యంత్రముల మాటకు వచ్చెదను. తెల్లవారుజామున నాంపల్లి సందులలో టకటకలాడుచుండెడి టైపు ఇన్‌స్టిట్యూట్లను మనలో కొందఱెఱుగుదురు. లోయరు హయ్యరు ప్యాసై ఉద్యోగమునకు ఎక్కినవారు వేలమంది. ఆ టైపుయంత్రపు తొలి పూర్వికులలో ఒకటి చూపులేని ఒక స్త్రీ కొఱకు పుట్టినదని మాకు ఎవరును చెప్పలేదు. ఇటలీదేశమున పెలెగ్రినో తుర్రి అనునతడు, చూపు పోయిన ఒక జమీందారిణి తన ఉత్తరములను తానే వ్రాసికొనుటకై దానిని చేసియిచ్చెను. 1808 నాటి ఆమె ఉత్తరములు నిలిచియున్నవి. అంధులకని పుట్టిన వస్తువు కన్నులున్నవారి సొత్తై, వారికి ఉద్యోగములిచ్చి, తుదకు అంధునికి ‘టైపు రాదు గనుక ఉద్యోగము లేదు’ అని చెప్పు స్థితికి వచ్చినది.

1951లో మన దేశభాషలన్నింటికిని ఉమ్మడిగా ఏర్పడిన భారతి బ్రెయిలీ తెలుగక్షరములను ఆఱు చుక్కలలో ఇమిడ్చి వ్రేలికొనకు అందించినది. కాని ఫైలు బ్రెయిలీలో రాదు; బయటివాని అర్జీయు అందులో రాదు. ఆ కొఱతను తీర్చినది మాటల కంప్యూటరు. తెరమీది అక్షరమును యంత్రము గొంతుతో చదివి వినిపించు సాధనములు మొదట కొన్ని నెలల జీతమంత వెల పలికెడివి. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను చూపులేని యువకుడు, డబ్బున్నవానికే చదువు వచ్చుట ఏమి న్యాయమని తలపోసియో ఏమో, 2006లో ఎన్‌వీడీఏ అను సాధనమును వ్రాయుట మొదలుపెట్టి లోకమునకు ఉచితముగా ఇచ్చెను. అది తెలుగును చదువును. ముక్కుతో మాటలాడు పాఠశాల ఇన్‌స్పెక్టరువలె చదువును గాని, చదువును.

ఆతని బల్లమీదికి ఆ సాధనము వచ్చిన తొలిదినమున ఇంగ్లీషు లేఖలను చక్కగా చదివినది. తెలుగు ఫైలు తెఱవగానే పిచ్చిపట్టినదానివలె కేకలు వేయసాగినది. ఆతడు ఒక చెవితీగను నా చెవిలో పెట్టి వినిపించెను: ఇంగ్లీషు అక్షరము, ఆశ్చర్యార్థకము, డాలరు గుర్తు, మఱల అక్షరము. తెరమీద మాత్రము నిక్షేపమువంటి తెలుగు. కారణము తెలియుటకు మాకు వారము పట్టినది. మన డీటీపీ దుకాణములలోను, కార్యాలయములలోను చిరకాలముగా వాడుచుండెడి అను ఫాంట్లవంటి పాత అక్షరములలో, యంత్రము లోపల దాచుకొనునది ఇంగ్లీషు అక్షరముల గుర్తులనే; వానిపై తెలుగు ముసుగు మాత్రము వేసి కంటికి చూపును. కన్నున్నవాడు ముసుగును చూచి తెలుగనుకొనును. చెవితో చదువువానికి ముసుగు కనబడదు, లోపలిదే వినబడును. యూనికోడు అను పద్ధతిలో అట్లు కాదు. 1991లోనే ఆ పట్టికలో తెలుగునకు నూటయిరువదియెనిమిది గళ్ల యిల్లు కేటాయించిరి. అందు వ్రాసిన ‘క’ లోపలను ‘క’యే, వెలుపలను ‘క’యే. యూనికోడులో టైపు చేయుటకు పైసా ఖర్చు లేదు. ఐనను మా సెక్షనులో ఆ మార్పునకు రెండేండ్లు పట్టినది. చేతివ్రేళ్లకు పాత మీటలు అలవాటైనవని మా టైపిస్టులు అనిరి. ఆ అలవాటును మేము మన్నించితిమి. ఆలోచించి చూడగా అదియు ఒక సదుపాయమే. ఎవరికి కలిగించితిమన్నదే తేడా.

యూనికోడు వచ్చిన పిమ్మటగూడ కథ ముగియలేదు. దివ్యాంగులైన ఉద్యోగుల రాయితీలను గూర్చి ఒక సర్క్యులరు వచ్చెను. పైకార్యాలయములో ఎవరో దానిని శుభ్రముగా టైపు చేసి, అచ్చుతీసి, సంతకము పెట్టించి, ముద్రవేసి, ఆ కాగితమును ఫోటోవలె స్కాను చేసి పంపిరి. ఫోటోలోని అక్షరమును మాటల కంప్యూటరు చదువలేదు; ‘ఖాళీ పుట’ యని చెప్పి ఊరకుండెను. తన రాయితీలేవో తెలుపు కాగితమును చదువలేకపోయినవాడు మా కార్యాలయమంతటిలో ఆతడొక్కడే. నేను చదివి వినిపించితిని. ఆతడు నవ్వి, ‘మంచిగున్నయి సార్ రాయితీలు. మీకు పనికొస్తయి, ఉంచుకోండి’ అనెను. సంతకపు ప్రతితోపాటు టైపు చేసిన ప్రతినిగూడ పంపుడని మేము ఉత్తరము వ్రాసితిమి. రెండవ ఉత్తరము వ్రాసిన పిమ్మట పంపసాగిరి.

నేను పదవి విడిచి కొన్నియేండ్లైనది. నా సీటులో ఇప్పుడు ఆతడే సూపరింటెండెంటు. మొన్న ఆదివారము ఈ ప్రసంగపు వ్రాతప్రతిని, వినలేనివారు చదువుకొనుటకును ఆతడు వినుటకును వీలుగా, మనుమనిచేత యూనికోడులో టైపు చేయించి ముందుగా ఆతనికి పంపితిని, తప్పులుండిన చెప్పుమంటిని. రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసెను. ‘సార్, ఒక్కకాడ ఫైలు అని ఉండాల్సింది పైలు అని పడ్డది, మిషన్ చదివితే దొరికింది, సరిజేయించున్రి’ అనెను. తక్కినది ఎట్లున్నదని అడిగితిని.

‘మిషన్ యాడ ఆగకుంట మంచిగనే చదివింది సార్. నాకే సగం సమజ్ గాలె. గింత పెద్ద తెలుగెందుకు సార్?’

ఆ యొక్క సదుపాయమును ఈ పూటకు కలిగింపలేకపోయినందుకు ఆతనిని, మిమ్మును మన్నింపవేడుచు సెలవు తీసికొనుచున్నాను.